పచ్చ చుక్కలు

ఫిబ్రవరి 6

కోడలు వాళ్ళమ్మను చూడటానికి వెళ్ళింది. బొంగరాన్ని కూడా తీసుకెళ్ళింది. మూడు రోజులు.

మా గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. బొంగరం ఇంట్లో ఉంటే వినబడదు. నా మనవరాలు, ఏడేళ్ళ పిల్ల, ఒకచోట కాలు నిలవదు. ఆ పేరు నేనే పెట్టాను.

కోడలు చెప్పులేసుకుంటూ, "మామయ్యా, మిషన్‌కి కవరు కప్పాను. నా గది కిటికీ తియ్యకండి, దుమ్ము పడుతుంది," అంది.

"అలాగేనమ్మా," అన్నాను.

ఈ రోజు మొత్తం మీద నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

వంట చేసుకున్నాను. అడుగంటింది. గిన్నె నానబెట్టాను.

ఫిబ్రవరి 7

షాపులో ఏడో కార్డు కూడా తెరుచుకుంది.

శిష్యుడు చెప్పింది మరిచిపోకుండా రాసుకుంటున్నాను. వాడు ఒకప్పుడు నా దగ్గర రేడియో విప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడిదే షాపు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. నేను రోజుకు నాలుగు గంటలు వెళ్ళి కూర్చుంటాను. వాడికి నలభై ఆరేళ్ళొచ్చాయి, పొట్ట వచ్చింది, ఇంకా గురువుగారూ అనే పిలుస్తాడు. సన్నటి టంకం పని ఉంటే నా ముందే పెడతాడు.

కంప్యూటర్ తెర మీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డులను కంపెనీవాళ్ళు ఒకే చిప్పుతో రెండు రకాలుగా చేస్తారట. ఖరీదైనదానిలో లెక్కలు చేసే గదులన్నీ తెరిచి ఉంటాయి. చవకదానిలో కొన్ని గదులకు తాళం. ఆ తాళం సంగతి పక్కనున్న ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో రాసి ఉంటుంది. దాన్నే బయోస్ అంటారు. పెద్ద కార్డు బయోస్ తెచ్చి చిన్నదానిలో రాస్తే తాళాలు ఊడిపోతాయి, కార్డు రెట్టింపు జోరుగా నడుస్తుంది. ఆటలాడే కుర్రాళ్ళు దీనికోసం క్యూ కడుతున్నారు.

"అన్నిటికీ ఊడతాయా?" అని అడిగాను.

"అదే చెప్పలేం గురువుగారూ. కొన్ని గదులకి ఊరికే తాళం వేస్తారు, చవగ్గా అమ్ముకోవాలి కదా. కొన్నిటికి లోపల గోడ కూలిపోయి ఉంటుంది, అందుకని వేస్తారు. తెరిచి చూస్తేగానీ తెలీదు."

"మరి మనవి ఏడూ..."

"మీ చెయ్యి మంచిదండీ బాబూ! నేను ముట్టుకుంటే ఈపాటికి రెండైనా కాలిపోయేవి."

మీ చెయ్యి మంచిది అన్నాడు. ఇంటికి నడిచి వస్తూ ఆ మాటే అనుకున్నాను.

కోడలి గదిలోకి వెళ్ళి ఆమె కంప్యూటర్ మీది కవరు, పక్క మూత తీసి చూశాను. ఆ రకం కార్డే.

ఫిబ్రవరి 8

చేశాను.

ఎందుకు చేశానో రాసుకోవాలి. కోడలు రంగులు దిద్దుతుంది. సినిమావాళ్ళు తీసిన బొమ్మ మొదట బూడిద పూసినట్టు పాలిపోయి ఉంటుంది. దాని ముందు కూర్చుని ముఖానికి ముఖం రంగు, ఆకాశానికి ఆకాశం రంగు తెస్తుంది. పోయిన నెల ఫోన్లో మావాడితో, "ఈ మిషన్‌తో చచ్చిపోతున్నానండీ. ఒక్క సీను చూడాలంటే నత్తలా నడుస్తుంది. రేపు నిజంగానే పెద్ద సినిమా ఇస్తే ఏం చెయ్యను?" అంటుంటే విన్నాను. మావాడు వంతెనల పని మీద తిరుగుతాడు, నెలకోసారి వస్తాడు. వాడికి చెప్పుకుంది. నేను పక్క గదిలోనే ఉన్నాను, నాకు చెప్పలేదు. మామయ్య రేడియోల మనిషి కదా అనుకుని ఉంటుంది.

కార్డు ఊడదీసి తువ్వాల్లో చుట్టి షాపుకు తీసుకెళ్ళాను. శిష్యుడు సామాను కోసం బజారుకు వెళ్ళాడు. చిప్పుకు క్లిప్పు పెట్టాను. దాని తీగ రాసే పెట్టెకు, పెట్టెను షాపు కంప్యూటర్‌కు తగిలించాను. లోపల ఉన్నదాన్ని మూడుసార్లు చదివి, మూడూ ఒకటేనని చూసుకుని, షాపు కంప్యూటర్లో 'కోడలు' అనే పేరుతో దాచాను. ఆ తర్వాతే కొత్తది రాశాను.

షాపు గోడ మీద నా చేత్తోనే రాసి అంటించిన కాగితం ఉంది. మూడుసార్లు చదివి దాచాలి. తర్వాతే రాయాలి. మూత వేసి రెండు గంటలు నడిపి చూడాలి. రేడియోల నాటి నా అలవాటే అది. సెట్టు వేడెక్కితేగానీ దాని రోగం బయటపడదు.

పది నిమిషాలు చూశాను. బాగానే నడిచింది. ఇంతలో కోడలు ఫోన్ చేసింది, రేపు రావాల్సినవాళ్ళు ఈ సాయంత్రమే వచ్చేస్తున్నారట. తువ్వాల్లో చుట్టుకుని వచ్చి బిగించేశాను. కవరు మీద పూలు ఎడమ పక్కకు ఉండాలి. అది గుర్తు పెట్టుకున్నాను. దొంగకు అలాంటివి గుర్తుంటాయి.

దొంగ ఏమిటి, మంచికే కదా చేసింది.

ఫిబ్రవరి 10

"మామయ్యా, ఏం మంత్రం వేశారు? కవరు కప్పి వెళ్తే మిషన్ పరుగెడుతోంది!" అంది కోడలు. తమాషాకే అంది. "దానిక్కూడా మూడు రోజులు సెలవు కావాల్సొచ్చినట్టుంది."

నేను నవ్వాను. చెప్దామనుకున్నాను. ఆమె లేనప్పుడు ఆమె గదిలోకి వెళ్ళి ఆమె వస్తువు విప్పానని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె లోపల ఉంటే ఇన్నేళ్ళలో నేను ఆ గది గడప తొక్కలేదు. ఏదైనా కావాలంటే బయట నిలబడి దగ్గుతాను.

ఆదివారం మావాడు ఫోన్ చేసినప్పుడు అందరికీ కలిపి చెప్తాను.

ఫిబ్రవరి 12

ఈ రోజూ చెప్పలేదు. ఆమె పని చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. బాగుంది.

ఫిబ్రవరి 15

కోడలికి పని ఇచ్చే స్టూడియో మేడం ఫోన్ చేసింది. మొత్తం సినిమా, మొదటినుంచి చివరిదాకా, కోడలే రంగు దిద్దాలట. ఆమె పేరు తెర మీద వేస్తారట. కోడలు బొంగరం చేతులు పట్టుకుని గిరగిర తిరిగింది.

"తాతా నువ్వూ రా!" అంది బొంగరం.

"నాకు కళ్ళు తిరుగుతాయే తల్లీ."

మావాడు కూడా ఫోన్ చేశాడు. ఇంత సంతోషంలో నా గొడవ ఎందుకని చెప్పలేదు.

నా వల్లే వచ్చింది ఆ సినిమా. అలా అనుకున్నాను. రాయకూడదు గానీ అనుకున్నాను.

ఫిబ్రవరి 19

కోడలు తలుపు దగ్గరికి వచ్చి, "మామయ్యా, ఒకసారి లోపలికి వస్తారా?" అంది.

వెళ్ళాను. కుర్చీ నాకిచ్చి తను నిలబడింది.

"నాలుగు రోజుల్నుంచి పచ్చ చుక్కలు కనబడుతున్నాయి. చీకటి సీన్లలో. ఇలా వచ్చి అలా పోతున్నాయి. ఫోన్‌తో ఫొటో తీద్దామంటే అందవు. స్టూడియోకి పంపితే వాళ్ళ తెర మీద ఏమీ లేవంటున్నారు. మీరు మిషన్ సంగతి తెలిసినవారు కదా, చూసి చెప్పండి."

కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. అరగంట అయ్యాక, కార్డు వేడెక్కాక, కింద ఎడమ మూల నల్లటి గోడ మీద ఆవగింజంత పచ్చ చుక్క వచ్చింది. రెప్ప వేసేలోపు పోయింది. ఆ పైన ఇంకొకటి. తర్వాత కిటికీ పక్కన రెండు.

నాకు వెంటనే అర్థమైంది. ఒక గదిలో గోడ కూలి ఉంది. నేను దాన్ని తెరిచాను.

"కనబడ్డాయా?" అంది.

"నాకేం కనబడలేదమ్మా," అన్నాను.

"మిషన్..."

"మిషన్ బాగుంది."

ఆమె మెల్లగా తల ఊపింది. రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఫిబ్రవరి 20

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 22

నిన్న చెప్పలేదు.

ఆమె మావాడితో ఫోన్లో మాట్లాడుతుంటే వరండాలో విన్నాను. వినాలని కూర్చోలేదు. కూర్చున్నాను, విన్నాను.

"అమ్మకి కూడా ఇలాగే మొదలైందండీ. ముందు చుక్కలు. తర్వాత పక్కనున్నవి కనబడేవి కాదు. ముప్ఫై ఎనిమిదికి మొదలైంది, నలభై ఐదు వచ్చేసరికి గోడ పట్టుకుని నడిచేది. నాకు ముప్ఫై ఆరు."

అవతల వాడేదో అన్నాడు.

"మామయ్య చూశారండీ. అరగంటకు పైగా కూర్చుని చూశారు. మిషన్ బాగుందన్నారు. నా కళ్ళే."

ఆమె తల్లికి చూపు లేదని నాకు తెలియదా? పెళ్ళినాటి నుంచీ తెలుసు. ఆ రోజు 'కనబడలేదమ్మా' అన్నప్పుడు గుర్తు రాలేదా?

గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది.

ఫిబ్రవరి 24

షాపులో శిష్యుణ్ణి డొంకతిరుగుడుగా అడిగాను. తెలిసినవాళ్ళ కార్డు ఒకటి, తాళాలు తీశాక పచ్చ చుక్కలు పడుతున్నాయని.

"ఇంకేముంది, కూలిన గది తెరిచారు. పాత బయోస్ దాచుకున్నారా?"

"దాచారు."

"వెనక్కి రాసేస్తే సరి. రెండు నిమిషాల పని. ఎవరు చేశారు గురువుగారూ ఆ నిర్వాకం? రెండు గంటలు నడిపి చూడలేదా? మన గోడ మీద కాగితం చూపించాల్సింది వెధవకి."

"చూపిస్తాను," అన్నాను.

ఫిబ్రవరి 26

కోడలు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తూ తోడు రమ్మంది. మావాడు లేడు, నేను కాక ఎవరు వెళ్తారు?

పొడుగాటి గది. గోడ వారగా ఇనప కుర్చీలు, ఒకదానికొకటి కట్టేసినట్టు. ఒకరు లేస్తే వరుసంతా కదులుతుంది. ఆమె కళ్ళలో మందు వేసి గంట కూర్చోబెట్టారు. వెలుతురు చూడలేక నా భుజం పక్కకు ముఖం తిప్పుకుంది. అటూ ఇటూ నడవాల్సి వస్తే నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోలేదు.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "నాకైతే ఇప్పటికేమీ కనబడటం లేదమ్మా. కానీ మీ అమ్మగారి సంగతి చెప్తున్నారు, చుక్కలంటున్నారు. తీసిపారెయ్యలేను. ఈ మందు వాడండి, నెల నెలా వచ్చి చూపించుకోండి. ఇంతకీ చుక్కలు ఆ తెర మీదేనా? మిషన్ చూపించారా?"

"మా మామయ్యగారు చూశారండీ. ఆయన మెకానిక్కే. బాగుందన్నారు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

నేను తల ఊపాను.

నోటితో అనలేదు. తలే ఊపాను. ఇంటికొచ్చేదాకా అదే చెప్పుకున్నాను, నోటితో అనలేదని.

ఫిబ్రవరి 27

కోడలు స్టూడియోకి, బొంగరం బడికి వెళ్ళారు. కార్డు తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాను. 'కోడలు' అనే పేరుతో దాచినదాన్ని వెనక్కి రాశాను. ఈసారి మూత వేసి రెండు గంటలు కూర్చున్నాను. ఒక్క చుక్క రాలేదు.

తెచ్చి బిగించాను. కవరు కప్పాను. పూలు ఎడమ పక్కకు.

అయిపోయింది. ఇక ఎవరికీ ఏ బాధా లేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

మార్చి 2

"మామయ్యా, చుక్కలు పోయాయి! మందు పనిచేసింది!"

"మంచిదమ్మా."

"మిషనే మళ్ళీ మొదటికొచ్చింది, నత్తలాగ. పోన్లెండి, అది నత్తైనా ఫరవాలేదు."

అంతా బాగుంది. రోజుకు నాలుగుసార్లు మందు వేసుకుంటోంది. అద్దం ముందు తల వెనక్కి వంచి, ఒక్క బొట్టు కూడా బయట పడకుండా. అవసరం లేని మందు.

అంతా బాగుంది.

మార్చి 4

అంతా బాగుందని మొన్న రాశాను. రెండుసార్లు రాశాను.

మందు పనిచేసిందంటే రోగం ఉన్నట్టే కదా. ఆమె అలాగే అనుకుంటోంది. నేను మిషన్ బాగుచేసి ఆమె రోగాన్ని ఖాయం చేశాను.

మార్చి 5

సాయంత్రం కోడలు బొంగరాన్ని గోడకు ఆనించి నిలబెట్టింది. అవతలి గోడ మీదున్న క్యాలెండర్ చూపించి, "ఒక కన్ను మూసుకుని చదువు," అంది. రోజూ చేయిస్తోందట, నాకు ఈ రోజే తెలిసింది. బొంగరం అంకెలు గడగడ చదివింది. రెండో కన్ను. మళ్ళీ చదివింది. బొంగరం అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

కోడలు వంటింట్లోకి వెళ్ళాక పిల్ల నా పక్కకొచ్చి కూర్చుంది.

"తాతా, నీకొకటి చెప్తాను, అమ్మకి చెప్పకు."

"చెప్పు."

"నాక్కూడా కనబడేవి. పచ్చ చుక్కలు. అమ్మ ఒళ్ళో కూర్చుని సినిమా చూస్తున్నప్పుడు."

నేను వంటింటి వైపు చూశాను.

"చెప్తే నా కళ్ళలో కూడా మందు వేస్తారని చెప్పలేదు. మండుతుందా తాతా?"

వంటింట్లో కుళాయి ఆగింది.

కోడలు తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు. వచ్చి పిల్ల ముఖం రెండు చేతులతో పట్టుకుని కళ్ళలోకి చూసింది, చాలాసేపు. తర్వాత నాతో, మామూలుగానే, "మామయ్యా, నేను ఈ పని మానేస్తాను. స్టూడియో రేపటినుంచి ఆదివారం దాకా మూసి ఉంటుంది. సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి ఆ సినిమా ఇంకెవరికైనా ఇమ్మని చెప్తాను. కళ్ళు ఉన్నన్నాళ్ళు దీన్ని చూసుకుంటాను," అంది.

ఇద్దరికి కనబడితే తప్పు మిషన్‌లోనే అని ఎవరైనా అనుకుంటారు. ఆమె అనుకోలేదు. మిషన్ బాగుందని నేను చెప్పాను కదా.

మార్చి 6

చెప్పాను.

పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గాను. "ఏం కావాలి మామయ్యా?" అంది.

"నీ కళ్ళకేం లేదమ్మా. పిల్లకీ లేదు. మిషన్‌లోనే తప్పు. నేనే చేశాను. నువ్వు ఊళ్ళో లేనప్పుడు నీ గదిలోకి వెళ్ళి కార్డు తీసి అందులో వేరేది రాశాను. చుక్కలు దానివే. ఆ రోజు నాకు కనబడ్డాయి. లేవన్నాను."

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడి ఉండను.

ఆమె స్టవ్ ఆపింది. మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. తిడుతుందని చూస్తున్నాను.

"మామయ్యా, మీరు ఎంత మంచివారు," అంది.

"అది కాదమ్మా..."

"మా బాధ చూడలేక తప్పు మీ మీద వేసుకుంటున్నారు. నాకు తెలీదా? మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ రోజు అంతసేపు కూర్చుని చూసి లేదన్నారు. డాక్టరమ్మ అడిగితే కూడా అదే అన్నారు. ఇప్పుడు మందు వేసుకున్నాక తగ్గింది. మిషన్‌దైతే మందుకి తగ్గుతుందా?"

"నేను వెనక్కి రాశాను. అందుకే తగ్గింది."

"నీళ్ళు తాగండి," అంది. కళ్ళు తుడుచుకుంది. నా మీద జాలితో.

తిట్టి ఉంటే ఇంత సిగ్గుగా ఉండేది కాదు. అబద్ధాన్ని నమ్మింది, నిజాన్ని నమ్మటం లేదు. అబద్ధం చెప్పిన మనిషి మీద అంత నమ్మకం ఆమెకు.

మార్చి 7

శిష్యుడి ఇంటికి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళలేదు. కంగారుపడి చొక్కా వేసుకుంటూ బయటికొచ్చాడు. "ఏమైంది గురువుగారూ? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

క్లిప్పు, రాసే పెట్టె, షాపు లాప్‌టాప్ కావాలన్నాను. ఎందుకని అడిగాడు. ఆ తెలిసినవాళ్ళ కార్డు ఎవరిదో చెప్పాను. రాసిందెవరో చెప్పాను. కళ్ళ డాక్టరు సంగతి కూడా చెప్పాను.

వాడు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు నేను వెధవ అన్నానండీ," అన్నాడు చివరికి.

"అన్నావు."

"మీరని తెలీదు గురువుగారూ."

"తెలిస్తే అనేవాడివి కాదు. నేను తప్పించుకునేవాణ్ణి."

షాపు తాళం తీసి అన్నీ సంచిలో సర్ది ఇచ్చాడు. "నేనొచ్చి అమ్మాయికి చెప్పనా? నా మాట నమ్ముతుందేమో," అన్నాడు.

నిజమే, నమ్మేది. వద్దన్నాను.

మార్చి 8, ఆదివారం

పొద్దున ఆమె గది బయట నిలబడి దగ్గాను.

"లోపలికి రానా అమ్మా? ఒక్క గంట. తర్వాత నీ ఇష్టం."

సంచి చూసి ఏమీ అనకుండా పక్కకు జరిగింది. ఆమె చూస్తుండగా మిషన్ మూత తీశాను. కార్డు ఊడదీశాను. ఆమె బల్ల మీదే, ఆమె దీపం వెలుతురులోనే, చిప్పుకు క్లిప్పు పెట్టాను. అది రెండుసార్లు జారింది. మూడుసార్లు చదివాను. తర్వాత ఆ పాడుదాన్నే మళ్ళీ రాశాను. మంచి చేస్తున్నాననుకుంటూ రాసినప్పుడు ఒక్కసారి కూడా జారలేదు.

బిగించి ఆన్ చేశాను.

"చీకటి సీను పెట్టమ్మా."

పెట్టింది. నా పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. బొంగరం వచ్చి మా ఇద్దరి మధ్య దూరింది.

"ఏం చూడాలి తాతా?"

"మాట్లాడకుండా చూడు."

తెర మీద ఎవరో ఒకాయన చీకటి గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. ఫ్యాను చప్పుడు హెచ్చింది. పది నిమిషాలు. ఇరవై. కోడలు ఒకసారి నా వైపు చూసి, "మామయ్యా, చాలు, మీరు..." అంది.

"ఇంకొంచెం," అన్నాను.

వచ్చింది. కింద ఎడమ మూల. వచ్చిన క్షణానే నా వేలు అక్కడ పెట్టాను.

"ఇక్కడ," అన్నాను.

కోడలు కదలలేదు.

కిటికీ పక్కన రెండు వచ్చాయి. "ఇక్కడ. ఇక్కడ."

తర్వాతది తలుపు మీద. నా వేలు కంటే ముందు బొంగరం వేలు వెళ్ళింది. "ఇదిగో! నాకు ముందు దొరికింది!" ఆ పిల్లకు అది ఆట అయిపోయింది. ఇద్దరం వేళ్ళు పెడుతున్నాం. మూడో వేలు వచ్చింది, సన్నటిది, కోడలిది. మూడు వేళ్ళూ ఒకేచోట పడ్డాయి.

ఆమె వేలు తీయలేదు. చుక్క ఎప్పుడో పోయింది.

"మీకు కనబడుతున్నాయి," అంది.

"కనబడుతున్నాయి."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచి."

"నేను కళ్ళు మూసుకుని నిలబడ్డ రోజు నుంచి."

"అవునమ్మా."

"ఆస్పత్రిలో మీ చొక్కా పట్టుకున్నప్పుడు కూడా మీకు తెలుసు."

"తెలుసు."

ఆమె బొంగరాన్ని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. "అమ్మా, ఊపిరాడట్లేదు," అంది పిల్ల. కోడలు అప్పుడు ఏడ్చింది. పిల్ల జుట్టులో ముఖం పెట్టుకుని, చప్పుడు కాకుండా. సంతోషమా, కోపమా, నాకు తెలియదు. అడగటానికి నేనెవరిని?

కాసేపటికి తల ఎత్తకుండానే, "పాతది రాసి వెళ్ళండి," అంది.

రాశాను. సంచి సర్దుకుని బయటికి వచ్చాను.

మార్చి 9

స్టూడియోకి ఫోన్ చేసింది. సినిమా తనే చేస్తానంది. గొంతు గట్టిగా ఉంది. వాళ్ళను పెద్ద కార్డు అద్దెకు అడిగింది.

కంటి మందు సీసా చెత్తబుట్టలో ఉంది.

మావాడు ఫోన్ చేసి, "నాన్నా," అన్నాడు. మళ్ళీ "నాన్నా, మీరా?" అన్నాడు. పెట్టేశాడు.

మార్చి 11

భోజనం వడ్డిస్తుంది. "ఇంకొంచెం వెయ్యనా?" అంటుంది. మామయ్యా అనటం లేదు.

మార్చి 13

కోడలు స్టూడియోకి వెళ్ళింది. ఆమె గదికి తాళం వేసుకుంటుందనుకున్నాను. వెయ్యలేదు. తలుపు బార్లా తీసే ఉంది. వేసి ఉంటే బాగుండేది.

నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాలంటే ఆ తలుపు ముందు నుంచే వెళ్ళాలి. తల దించుకుని వెళ్ళాను.

షాపులో గోడ మీద కాగితం చీకిపోయిందని శిష్యుడు కొత్తది అంటించాడు. నన్నే రాయమన్నాడు. వాడినే రాయమన్నాను.

మార్చి 17

సాయంత్రం వరండాలో ఉన్నాను. లోపలినుంచి పిలిచింది. "ఒకసారి ఇటు వస్తారా?"

గడప దగ్గర ఆగాను.

"అక్కణ్ణుంచి ఏం కనబడుతుంది? లోపలికి రండి."

వెళ్ళాను. కుర్చీ ఇవ్వలేదు. తెర మీద ఒక ముసలాయన ముఖం పెద్దగా ఉంది, ఎవరో నటుడు. బూడిద పోయింది, అప్పుడప్పుడే రంగు వస్తోంది.

"నేను పొద్దున్నుంచి ఇదే చూస్తున్నాను, కళ్ళు అలవాటు పడిపోయాయి. ముఖం ఎర్రబడిందా? కనబడిందే చెప్పండి."

చూశాను. తొందరపడలేదు.

"ఎడమ చెంప కొంచెం ఎక్కువైందమ్మా," అన్నాను.

చేతి కింద ఉన్న చిన్న చక్రం తిప్పింది. ఎరుపు తగ్గింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది."

ఆమె తెర వైపు కాకుండా నా ముఖం వైపు చూసింది.

"నిజంగానా?" అంది.

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడగలేదు.

మళ్ళీ తెర వైపు తిరిగాను. మళ్ళీ మొదటినుంచి చూశాను. చూసి చెప్పాను.